తలుపు తట్టి తీసిన లెక్క
క్షయ రోగులు ఎంతమందో తేల్చడానికి తిరువళ్లూరు పల్లెల్లో ఏం చేశారు?

కోవిడ్ రోజుల్లో సాయంత్రం బులెటిన్ కోసం ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చున్న సంగతి గుర్తుండే ఉంటుంది. సోమవారం కేసులు తగ్గాయంటే హమ్మయ్య అనుకునేవాళ్లం. బుధవారానికి మళ్లీ పెరిగేవి. వైరస్ ఆదివారం సెలవు తీసుకోదు. సెలవు తీసుకునేది ల్యాబులు. పరీక్షలు తక్కువ చేసిన మర్నాడు కేసులు తక్కువ కనబడతాయి, అంతే. మరి ఊళ్లో జబ్బు నిజంగా తగ్గిందా, వెతకడం తగ్గిందా? ఆ బులెటిన్ ఒక్కటే చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

పరిశోధకులను వేధించే చిక్కు ఇదే. అంకె ఊరికే వచ్చి పడదు. ఎవరో ఒకరు ఎవరినో ఒకరిని అడిగి, కొలిచి, రాసుకుంటేనే వస్తుంది. ఎవరిని అడిగారు, ఎలా కొలిచారు అన్నది మారితే అంకె కూడా మారిపోతుంది. ఈ సంగతిని ప్రపంచానికి గట్టిగా చూపించిన పల్లెలు మనకు బాగా దగ్గర్లోనే ఉన్నాయి. తిరుపతిలో చెన్నై రైలెక్కితే రేణిగుంట దాటాక తిరుత్తణి, అరక్కోణం, తిరువళ్లూరు వరసగా వస్తాయి. 1997లో తిరువళ్లూరు జిల్లా ఏర్పడే దాకా ఈ వైపు పల్లెలు చెంగల్పట్టు జిల్లాలో ఉండేవి. 1968 నుంచి ఇక్కడ క్షయ మీద జరిగిన పరిశోధన ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి. దాన్ని నడిపింది భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్. ఆ పనిని ముందుకు తీసుకెళ్లిన చెన్నై సంస్థను ఇవాళ జాతీయ క్షయ పరిశోధన సంస్థ అంటున్నాం.

రిజిస్టరులో ఎక్కేది ఎవరు?

ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ టీబీ రికార్డు ఉంటుంది. పేరు, వయసు, కళ్లె పరీక్ష ఫలితం, మందులు మొదలుపెట్టిన తేదీ అందులో రాసి ఉంటాయి. ఆ పేర్లు కూడితే రోగుల సంఖ్య తెలిసిపోదా?

ఒక మనిషి పేరు ఆ పుస్తకంలోకి ఎక్కాలంటే ఎన్ని జరగాలో చూడండి. ముందు దగ్గు రావాలి. అది బీడీ దగ్గో, పడిశమో అని తోసిపుచ్చకుండా జబ్బేమోనని అనుమానం కలగాలి. ఒక రోజు కూలి వదులుకోవాలి. మందుల షాపులో సిరప్ కొనుక్కుని సరిపెట్టుకోకుండా ఆస్పత్రికి వెళ్లాలి. అక్కడ కళ్లె పరీక్ష రాయాలి. ఆయన లాలాజలం కాకుండా ఊపిరితిత్తుల్లోంచి కళ్లె తీసి ఇవ్వాలి. ల్యాబులో క్రిమి కంటబడాలి. చివరికి ఆ ఫలితం పుస్తకంలోకి ఎక్కాలి. ఒక్కో మెట్టు దగ్గర కొందరు జారిపోతారు. రిజిస్టరులో మిగిలేది అన్ని మెట్లూ ఎక్కినవాళ్లే.

2019–2021 మధ్య దేశమంతటా జరిగిన జాతీయ క్షయ సర్వేలో ఈ జారుడు ఎంతో బయటపడింది. క్షయ లక్షణాలున్న వాళ్లలో సుమారు 64 శాతం మంది వైద్యం కోసం ఎక్కడికీ వెళ్లనే లేదు.

జారిపోయేవాళ్లు అందరిలోనూ సమానంగా ఉంటే కొంత నయం. ఒక గుణకం వేసి సరిదిద్దుకోవచ్చు. అలా ఉండదు. తిరువళ్లూరు పల్లెల్లో ఇంటింటి సర్వే చేస్తే క్షయ మగవాళ్లలోనే బాగా ఎక్కువని తేలింది. జబ్బుపడ్డవాళ్లలో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి వచ్చి చికిత్సలో చేరేది మాత్రం ఆడవాళ్లలోనే ఎక్కువ శాతం. రిజిస్టరు ఒక్కటే చూస్తే ఆడామగా తేడా ఉన్నదాని కంటే తక్కువగా కనిపిస్తుంది. ఇళ్లలో దగ్గుతూ మిగిలిపోయిన మగవాళ్లు లెక్కలోకే రారు. కార్యక్రమం ఎవరి మీద దృష్టి పెట్టాలో ఆ పుస్తకం చూసి నిర్ణయిస్తే పొరపాటు జరిగే చోటు ఇదే.

> వచ్చినవాళ్లా, వెతికి పట్టుకున్నవాళ్లా?
>
> సమాచారం సేకరించడంలో మొదటి తేడా ఇక్కడే. మన దగ్గరకు వచ్చినవాళ్లను రాసుకోవడం ఒక పద్ధతి. ఆస్పత్రి రిజిస్టరు, పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదులు, హెల్ప్‌లైన్ కాల్స్ ఈ కోవకు చెందుతాయి. ఖర్చు తక్కువ, ఏడాది పొడవునా అందుతుంది. రానివాళ్ల గురించి ఏమీ చెప్పదు.
>
> ఇంటింటికీ వెళ్లి అందరినీ చూడటం రెండో పద్ధతి. ఖర్చు ఎక్కువ, ఏళ్లు పడుతుంది. జబ్బు నిజంగా ఎంతుందో చెప్పగలిగేది ఇదే.
>
> మొదటిదాన్ని రోజువారీ నడకకు వాడుకుని, రెండోదాన్ని అప్పుడప్పుడు సరిచూసుకోవడానికి వాడుకుంటే రెండింటికీ న్యాయం జరుగుతుంది.

మెతుకు పట్టి చూడటం ఎప్పుడు కుదురుతుంది?

జిల్లా అంతా తిరగడం అయ్యే పని కాదు. కొందరిని చూసి అందరి సంగతి చెప్పాలి. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు మన పెద్దలు. నిజమే, ఒకే నీళ్లలో ఒకే మంట మీద ఉడికిన అన్నం కాబట్టి. ఊళ్లు అలా ఉడకవు. ఒక వీధిలో నలుగురు రోగులుంటారు, పక్క ఊరంతా గాలించినా ఒక్కరూ దొరకరు. రోడ్డు పక్క ఊళ్లు, ఆరోగ్య కేంద్రానికి దగ్గర ఊళ్లు మాత్రమే చూసుకుని వస్తే కుండ పైపొర మాత్రమే చూసినట్టు. అందుకే ఊళ్ల ఎంపికను సర్వే బృందం ఇష్టానికి వదలరు. మొత్తం ఊళ్ల జాబితా ముందు పెట్టుకుని, ఏ ఊరికైనా ఎంపికయ్యే అవకాశం ఉండేలా యాదృచ్ఛికంగా తీస్తారు. తీసిన ఊరు ఎంత లోపల ఉన్నా వెళ్లాల్సిందే.

సంఖ్య కూడా ముఖ్యమే. క్షయ బాగా ఉన్న చోట కూడా వెయ్యి మంది పెద్దవాళ్లలో రోగులు పట్టుమని పదిమంది ఉండరు. ఒక చిన్న ఊళ్లో 500 మందిని పరీక్షిస్తే ముగ్గురు దొరకొచ్చు, ఒక్కరూ దొరక్కపోవచ్చు. సున్నా వచ్చిందని జబ్బు లేదనలేం. తిరువళ్లూరులో 1999 నుంచి జరిగిన సర్వేల్లో ఒక్కో విడత 15 ఏళ్లు దాటినవాళ్లను 83 వేల నుంచి 90 వేల మంది దాకా తీసుకోవడానికి కారణం ఇదే.

ఊరు ఎంపికయ్యాక అసలు పని మొదలవుతుంది. ఇంటింటికీ నంబరు వేసి, ప్రతి ఇంట్లో ఎవరెవరున్నారో పేరు పేరునా రాస్తారు. పరీక్ష మొదలయ్యేది ఆ తర్వాతే. ఈ జాబితా లేకపోతే ఎవరు రాలేదో తెలిసే దారే ఉండదు. పొద్దున పదింటికి తలుపు తడితే ముసలివాళ్లు, పసిపిల్లల తల్లులు ఉంటారు. పనికి వెళ్లిన మగవాళ్లు ఉండరు. వాళ్లను వదిలేస్తే జబ్బు ఎక్కువున్న గుంపే జారిపోతుంది. అందుకని వాళ్లు ఇంటిపట్టున ఉండే వేళ చూసుకుని మళ్లీ వెళ్లాలి. ఎంతమందిని చూశారన్న దానికంటే జాబితాలో ఉన్నవాళ్లలో ఎంతమందిని వదిలేశారన్నది సర్వే నాణ్యతకు గట్టి కొలమానం.

అడిగితే ఒక లెక్క, ఫోటో తీస్తే ఇంకో లెక్క

మనిషి ఎదురుగా కూర్చున్నాడు. ఇప్పుడు క్షయ ఉందో లేదో ఎలా తేల్చాలి? తిరువళ్లూరు సర్వేల్లో మూడు అంచెలు పెట్టారు.

మొదటిది ప్రశ్న. రెండు వారాలు మించి దగ్గుందా? జ్వరం, ఛాతీలో నొప్పి ఉందా? కళ్లెలో రక్తం పడిందా? చవకైన పద్ధతి ఇది. జవాబు మాత్రం మనిషి జ్ఞాపకం మీద, ఒప్పుకోవడం మీద ఆధారపడుతుంది. ఏళ్ల తరబడి బీడీ కాల్చేవాడికి దగ్గు దగ్గులా తోచదు. పక్కింటివాళ్లు వింటుంటే 'రక్తం పడింది' అని చెప్పడానికి నోరు రాదు.

రెండోది ఎక్స్‌రే. లక్షణాలున్నా లేకపోయినా అందరికీ తీస్తారు. ఆ రోజుల్లో వ్యానులో తీసుకెళ్లిన యంత్రంతో చిన్న ఫిల్ము మీద ఛాతీ ఫోటో తీసేవారు. ఎంతమంది రోగులు 'నాకేం లేదు' అంటూనే తిరుగుతుంటారో ఎక్స్‌రే బయటపెడుతుంది. 2019–2021 జాతీయ సర్వేలో లక్షణాల మీద మాత్రమే ఆధారపడి ఉంటే, దొరికిన రోగుల్లో 42.6 శాతం మంది తప్పిపోయేవారు. వందలో నలభై ముగ్గురు!

ఎక్స్‌రే కూడా కొలబద్ద కాదు. దాన్ని చదివేది మనిషి. ఒకే ఫిల్మును ఇద్దరు అనుభవజ్ఞులకు విడివిడిగా చూపిస్తే కొన్నింటిలో భిన్నాభిప్రాయం రావడం ఖాయం. అందుకే ప్రతి ఫిల్మునూ ఒకరి జవాబు ఇంకొకరికి తెలియకుండా ఇద్దరితో చదివిస్తారు. తేడా వస్తే మూడోవారు తీర్పు చెబుతారు.

మూడోది కళ్లె. లక్షణాలున్నవాళ్ల దగ్గర, ఎక్స్‌రేలో అనుమానం తగిలినవాళ్ల దగ్గర రెండు నమూనాలు తీసుకుంటారు. ఒకటి అప్పటికప్పుడు, రెండోది రాత్రి పట్టి ఉంచినది. గాజు పలక మీద పూసి సూక్ష్మదర్శినిలో చూస్తే క్రిములు ఎక్కువున్నవాళ్లు బయటపడతారు. తక్కువున్నవాళ్ల కోసం కళ్లెను పోషక పదార్థం మీద వేసి క్రిములను పెంచుతారు. దీన్ని కల్చర్ అంటారు. క్షయ క్రిమి బద్ధకంగా పెరుగుతుంది. 'లేదు' అని చెప్పాలంటే ఎనిమిది వారాలు ఆగాలి.

రెండు పరీక్షలకూ మధ్య ఎంత తేడా ఉంటుందో అంకెల్లో చూడండి. 1999–2001 సర్వేలో సూక్ష్మదర్శిని కింద దొరికిన రోగులు లక్షకు 326 మంది. కల్చర్‌లో దొరికినవాళ్లు లక్షకు 609 మంది. ఊళ్లు అవే, మనుషులు వాళ్లే, కళ్లె అదే. పరీక్ష మారేసరికి లెక్క దాదాపు రెట్టింపయింది. 'తిరువళ్లూరులో క్షయ ఎంత?' అని అడిగితే 'దేంతో కొలిస్తే?' అని ఎదురు ప్రశ్న వేయడం అతితెలివి అనిపించుకోదు.

> వెనక్కి తిరిగి చూసే పద్ధతి
>
> పొగ తాగితే క్షయ వస్తుందా? వేలమందిని ఏళ్ల తరబడి గమనించడం ఒక దారి. దగ్గరి దారి ఇంకోటి ఉంది. రోగుల్ని, అదే వయసులో ఉన్న రోగం లేనివాళ్లను తీసుకుని, ఇరువైపులా పొగ తాగేవాళ్లు ఎంతమందో పోల్చడం. తిరువళ్లూరు సర్వేలో దొరికిన మగ రోగులతో ఇలాంటి అధ్యయనం చేసి 2002లో ప్రచురించారు. పొగ తాగేవాళ్లకు క్షయ ముప్పు రెండు రెట్లకు పైగా ఉందని తేలింది.
>
> ఇక్కడ జాగ్రత్త అంతా రోగం లేనివాళ్ల ఎంపికలో ఉంది. వాళ్లను ఆస్పత్రి వార్డులోంచి తెస్తే అక్కడ పొగవల్ల వేరే జబ్బులు తెచ్చుకున్నవాళ్లు ఉంటారు, పోలిక చెడుతుంది. రోగులు వచ్చిన జనంలోంచే వాళ్లూ రావాలి.

చేతివేలు, ప్లాస్టిక్ స్కేలు

క్షయ సోకిందా అని చూసే పాత పరీక్ష ట్యూబర్‌క్యులిన్. ముంజేతి లోపలి వైపు చర్మంలోకి సన్నని సూదితో కాస్త ద్రవం ఎక్కిస్తారు. రెండు మూడు రోజుల తర్వాత అదే ఇంటికి మళ్లీ వెళ్లాలి. ఎర్రబడిన చోటు లెక్కలోకి రాదు. కార్యకర్త వేలి కొసతో తడిమి, గట్టిపడిన వాపు అంచు ఎక్కడ మొదలైందో పట్టుకుని, అటూ ఇటూ గుర్తు పెట్టి, ప్లాస్టిక్ స్కేలుతో అడ్డంగా మిల్లీమీటర్లలో కొలుస్తాడు.

ఇలాంటి వేల కొలతలను ఒక గీతగా గీస్తే విచిత్రం కనిపిస్తుంది. 10 దగ్గర, 15 దగ్గర గీత నిక్కబొడుచుకుంటుంది. 9, 11, 14 దగ్గర పల్లం. జనం చేతుల్లో వాపు ఐదేసి మిల్లీమీటర్లకు ఎంచుకుని ఉబ్బదు. కొలిచేవాడి మనసే గుండ్రటి అంకె వైపు జరుగుతుంది. సోకిందా లేదా అని తేల్చే గీత పదో మిల్లీమీటరు దగ్గర ఉందనుకోండి. 9ని 10గా రాసిన ప్రతిసారీ ఒక ఆరోగ్యవంతుడు క్షయ సోకినవాళ్ల ఖాతాలోకి వెళ్లిపోతాడు. అందుకే కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, కొన్ని చేతులను ఆరితేరిన ఇంకొకరితో మళ్లీ కొలిపిస్తారు. మొదటి అంకె ఏమిటో రెండోవారికి చెప్పరు.

వయసుల్లోనూ ఇదే తంతు. మన జనగణనల్లో 30, 35, 40, 45 ఏళ్లవాళ్లు గుట్టలుగా ఉంటారు, 39 ఏళ్లవాళ్లు అరుదు. పుట్టిన తేదీ తెలియని పెద్దావిడను వయసు అడిగితే 'ఓ యాభై ఉంటాయి నాయనా' అంటుంది. ఆ పక్కనే 'పెద్దకొడుకు పుట్టినప్పటికి నీకెన్నేళ్లు? వాడికిప్పుడెన్ని?' అని మాట కలిపితే జవాబు నిజానికి దగ్గరగా జరుగుతుంది. మంచి ప్రశ్నకు ఇంకో ప్రశ్న తోడుండాలని క్షేత్రంలో తిరిగిన ప్రతివాళ్లకూ తెలుసు.

టీకా పనిచేసిందా?

ఇంతవరకూ 'ఎంతమంది' అన్న ప్రశ్న. దానికంటే కఠినమైనది 'దేనివల్ల'.

క్షయ రాకుండా వేసే బీసీజీ టీకాను మనిషికి మొదట ఇచ్చింది 1921లో, పారిస్‌లో. మన దేశంలో 1948లో మొదలైంది. మద్రాసు గిండీలో టీకా తయారీ కేంద్రం పెట్టారు. అందరూ చేతులు చాచి స్వాగతించలేదు. 1955లో రాజాజీ దీన్ని తాను ఎందుకు వ్యతిరేకిస్తున్నారో చెబుతూ చిన్న పుస్తకమే వేశారు. అటు విదేశాల్లోనూ ఫలితాలు ఒక్క తీరుగా లేవు. బ్రిటన్‌లో బడి ముగించిన పిల్లల మీద చేసిన పరీక్షలో దాదాపు 80 శాతం రక్షణ కనిపించింది. అమెరికా దక్షిణాన జార్జియా, అలబామాల్లో 14 శాతమే.

మన వైపు తొలి ప్రయత్నం తెలుగు నేల మీదే జరిగింది. నాటి చిత్తూరు జిల్లా మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం ఉంది కదా. డానిష్ వైద్యుడు యొహానెస్ ఫ్రిమోట్ మోలర్ బృందం 1950ల్లో చుట్టుపక్కల పల్లెల్లో టీకా వేసినవాళ్లనూ వేయనివాళ్లనూ గమనించింది. 1964లో ఫలితాలు అచ్చయ్యాయి. మొదటి ఏళ్లలో రక్షణ కనిపించి, పోనుపోను సన్నగిల్లింది. దొరికిన కేసులు తక్కువ కావడంతో గట్టిగా తేల్చి చెప్పడం కుదరలేదు. ఇంకా పెద్ద పరీక్ష కావాలి.

అదే 1968లో చెంగల్పట్టు జిల్లాలో మొదలైంది. ఐసీఎంఆర్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ, అమెరికా ప్రజారోగ్య విభాగం తోడయ్యాయి. నమోదైనవాళ్లు 3,66,625 మంది. టీకా గానీ ఉత్తి ద్రవం గానీ తీసుకున్నవాళ్లు 2,81,161 మంది.

టీకా వేసుకున్నవాళ్లనూ, వేసుకోనివాళ్లనూ ఊరికే పోల్చకూడదా? కూడదు. పిలవగానే వచ్చి వేయించుకునే కుటుంబం మామూలుగా కాస్త చదువు, కాస్త తిండి ఉన్న కుటుంబం. వాళ్లకు క్షయ తక్కువ వస్తే ఆ ఘనత టీకాదా, తిండిదా? ఈ మెలిక విప్పడానికి మూడు జాగ్రత్తలు తీసుకున్నారు. ఎవరికి ఎక్కువ మోతాదు, ఎవరికి తక్కువ మోతాదు, ఎవరికి టీకా లేని ఉత్తి ద్రవం అన్నది యాదృచ్ఛికంగా కేటాయించారు. అప్పుడు తిండి, చదువు, ఇల్లు, అలవాట్లు అన్ని గుంపుల్లోనూ ఒకేలా సర్దుకుంటాయి. ఎవరికి ఏది అందిందో వేయించుకున్నవాళ్లకూ చెప్పలేదు, వేసినవాళ్లకూ చెప్పలేదు. మూడోది, జబ్బు వచ్చిందా అన్నది తేల్చే చోట ఊహకు తావివ్వలేదు. బీసీజీ మచ్చ మిగులుస్తుంది, భుజం చూస్తే గుట్టు బయటపడొచ్చు. ల్యాబులో ఉన్న మనిషి ముందు మాత్రం భుజం ఉండదు, నంబరు వేసిన సీసా ఉంటుంది.

తర్వాత ఓపిక. రెండున్నరేళ్లకోసారి జనం మొత్తాన్నీ ఎక్స్‌రేతో, కళ్లె పరీక్షతో మళ్లీ చూశారు. మధ్యలో అనుమానం ఉన్నవాళ్లను ఇంకా తరచుగా చూశారు. ఇలా 15 ఏళ్లు. మొదటి ఏడున్నరేళ్ల ఫలితం 1979లో వెలువడింది: పెద్దవాళ్ల ఊపిరితిత్తుల క్షయ నుంచి బీసీజీ రక్షణ ఇచ్చిన ఆనవాలు లేదు. ప్రపంచమంతా ఉలిక్కిపడింది. 1980లో నిపుణుల బృందం పరీక్ష నడిపిన తీరును కూలంకషంగా పరిశీలించింది. పద్ధతిలో తప్పు దొరకలేదు. 15 ఏళ్ల పూర్తి ఫలితం 1999లో అచ్చయింది. మాట మారలేదు.

> రెండు లక్షల ఎనభై వేల మంది ఎందుకు?
>
> చెంగల్పట్టులో అసలు పోలిక మొదట్లో క్షయ సోకని, ఎక్స్‌రే శుభ్రంగా ఉన్న 1,09,873 మంది మధ్య. 15 ఏళ్లలో వాళ్లలో ఖాయంగా తేలిన కేసులు 560. అంటే ఏడాదికి లక్ష మందిలో 34 చొప్పున. ఇదే పరీక్షను పదివేల మందితో పెట్టుకుంటే 15 ఏళ్లకు దొరికేవి యాభై కేసులు. మూడు గుంపులకు పంచితే గుంపుకు పదహారో పదిహేడో. ఆ అంకెల్లో రెండు అటూ ఇటూ అయినా తీర్పు తారుమారు అవుతుంది. అరుదుగా జరిగేదాన్ని లెక్కపెట్టాలంటే జనం ఎక్కువైనా ఉండాలి, కాలం ఎక్కువైనా పట్టాలి. ఇక్కడ రెండూ కావలసి వచ్చాయి.

అయితే పుట్టగానే పిల్లలకు బీసీజీ ఎందుకు వేస్తున్నాం? పసిపిల్లల్లో మెదడు పొరలకు వచ్చే క్షయ, ఒళ్లంతా పాకే క్షయ ప్రాణాంతకం. వాటి నుంచి ఈ టీకా కాపాడుతుందని వేరే అధ్యయనాలు చూపించాయి. చెంగల్పట్టు ఫలితం రాసిన పరిశోధకులు కూడా పిల్లలకు టీకా కొనసాగించమనే చెప్పారు. వాళ్లు కొలిచింది పెద్దల ఊపిరితిత్తుల క్షయను, తీర్పు చెప్పిందీ దాని మీదే. ఒక ప్రశ్నకు సేకరించిన సమాచారాన్ని ఇంకో ప్రశ్నకు జవాబుగా అతికించకూడదన్న క్రమశిక్షణ అది. ఎందుకు పనిచేయలేదన్న దానికి ఒక ఊహ ఉంది. ఇక్కడి మట్టిలో, నీళ్లలో క్షయ క్రిమికి దాయాదులైన ఇతర క్రిములు జనానికి చిన్నప్పుడే తగులుతాయి. టీకా అదనంగా నేర్పేది శరీరానికి పెద్దగా మిగలకపోవచ్చని కొందరి వాదన.

'వేసుకున్నానండీ' అన్న మాట

మందులు సరిగ్గా వేసుకుంటున్నారా? అడిగితే నూటికి తొంభై మంది ఔననే అంటారు. డాక్టరు ముందు కాదనడం ఎవరికి ఇష్టం? 1956లో మద్రాసులో పెట్టిన క్షయ చికిత్సా కేంద్రానికి ఈ 'ఔను' పెద్ద సమస్య అయింది. శానటోరియంలో ఏడాది పడుకోబెట్టి ఇచ్చే చికిత్సకు బదులు, ఇరుకు ఇళ్లలో ఉండే పేదలకు ఇంట్లోనే మందులిస్తే నయమవుతుందా అన్నది అక్కడి పరీక్ష. ఇంట్లో ఉన్నవాళ్లు మందు మింగారో లేదో తెలియకపోతే పరీక్షకు విలువేముంది?

మాట మీద వదలకుండా కొలిచారు. చెప్పాపెట్టకుండా ఇంటికి వెళ్లి మూత్రం నమూనా తీసుకున్నారు. మందు శరీరంలోకి వెళ్లి ఉంటే, ఒక రసాయనం కలపగానే మూత్రం రంగు మారుతుంది. 1959లో ఫలితం వచ్చింది: ఇంటి వైద్యం శానటోరియం వైద్యానికి దాదాపు సాటిగా నిలిచింది, ఇంట్లోవాళ్లకు జబ్బు సోకడం కూడా దానివల్ల పెరగలేదు. ప్రపంచంలో చాలాచోట్ల శానటోరియంల అవసరం తగ్గిపోవడానికి దారి వేసిన అధ్యయనం ఇది.

తిరుత్తణిలో గణన గీసిన గీత

సమాచారం సేకరించే తీరు జబ్బులకే కాదు, సరిహద్దులకూ వర్తిస్తుందని తిరుత్తణి చెబుతుంది. రాష్ట్రాల విభజన తర్వాత ఈ తాలూకా చిత్తూరు జిల్లాతో ఆంధ్రలో ఉంది. అటు తమిళుల ఉత్తర సరిహద్దు ఉద్యమాన్ని మ.పొ.శివజ్ఞానం నడిపారు. వివాదం తీర్చడానికి హెచ్.వి.పటాస్కర్ మధ్యవర్తి అయ్యారు. గ్రామాన్ని యూనిట్‌గా తీసుకుని, ఎక్కువమంది మాతృభాష ఏదో, ఊరు ఏ వైపు ఆనుకుని ఉందో చూడాలన్నది పద్ధతి. 1959 చట్టంతో, 1960 ఏప్రిల్ 1 నుంచి తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో చేరింది. సత్యవేడు వైపు ఊళ్లు ఇటు ఆంధ్రకు వచ్చాయి.

మాతృభాష గడిలో ఒక్క భాషే పడుతుంది. తిరుత్తణి, పళ్లిపట్టు పరిసరాల్లో ఇంట్లో తెలుగు, బజారులో తమిళం మాట్లాడే కుటుంబాలు ఇవాళ్టికీ ఎన్నో ఉన్నాయి. రెండూ వచ్చిన మనిషి ఒక భాష పేరు చెప్పగానే రెండోది ఆ గడిలోంచి రాలిపోతుంది. ఊరిని కాక తాలూకాను యూనిట్‌గా తీసుకుని ఉంటే గీత ఇంకోచోట పడేది. ఎవరూ అబద్ధం చెప్పనక్కర్లేదు. గడి ఎంత, యూనిట్ ఏది అన్నవే ఫలితంలో సగం పని చేస్తాయి.

లెక్కతో ఏం చేశారు?

1999లో తిరువళ్లూరు జిల్లాలో సుమారు 5.8 లక్షల జనాభా ఉన్న ప్రాంతంలో, ఎదురుగా కూర్చోబెట్టి మందు మింగించే 'డాట్స్' చికిత్స మొదలుపెట్టారు. దాంతో పాటే రెండున్నరేళ్లకోసారి సర్వే. కల్చర్‌లో తేలిన రోగులు లక్షకు 609 నుంచి 2004–2006 నాటికి 311కు దిగారు. ఏటా 12 శాతానికి పైగా తగ్గుదల. ఇదే వైపు పల్లెల్లో 1968 నుంచి పోగైన పాత లెక్కలు ఉండబట్టి, అంతకుముందు తగ్గుదల ఎంత నత్తనడకగా ఉండేదో పక్కన పెట్టి చూపగలిగారు. నాలుగో సర్వేలో, 2006–2008లో, అంకె మళ్లీ కొంత పెరిగింది. మూడో సర్వేతో ఆపేసి ఉంటే విజయగాథ నిండుగా కనిపించేది. ఆపలేదు. పెరిగిందని కూడా అచ్చువేశారు.

ఇవాళ వ్యానులో డిజిటల్ ఎక్స్‌రే వచ్చింది. ఎనిమిది వారాల కల్చర్ పక్కన కొన్ని గంటల్లో క్రిమి జన్యుపదార్థాన్ని పట్టే యంత్రం చేరింది. అన్ని చోట్లా ఎక్కువ సమాచారమే మేలని కూడా కాదు. తమిళనాడు 2022లో మొదలుపెట్టిన కాసనోయ్ ఇరప్పిల్లా తిట్టం, అంటే క్షయ మరణాలు లేకుండా చూసే పథకం, రోగి చికిత్సలో చేరిన రోజే కొన్ని చిన్న సంగతులు చూస్తుంది. ఎత్తుకు తగ్గ బరువుందా? కాళ్లు వాచాయా? ఊపిరి ఎంత వేగంగా పీలుస్తున్నాడు? రక్తంలో ఆక్సిజన్ ఎంత? ఆసరా లేకుండా నిలబడగలడా? ల్యాబు అక్కర్లేదు, ఆరోగ్య కార్యకర్త చాలు. ప్రమాదంలో ఉన్నవాళ్లను అప్పటికప్పుడు ఆస్పత్రిలో చేర్చడానికి ఈ జవాబులు సరిపోతాయి.

ఇకమీదట పేపర్లో 'సర్వేలో తేలింది' అని కనిపిస్తే నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఎవరిని చూశారు, ఎవరు దొరకలేదు? చెప్పింది రాసుకున్నారా, కొలిచి రాసుకున్నారా? కొలిచినవాళ్లకు ఏ జవాబు రావాలో ముందే తెలుసా? దేంతో పోల్చారు? నాలుగింటికీ జవాబు లేని అంకెను నమ్మడానికి తొందరపడక్కర్లేదు.

ఈ పనిలో మన వంతు కూడా ఉంది. 2027 జనగణన కోసం ఎన్యూమరేటరు మన గుమ్మం ముందుకు వస్తారు. వయసు అడిగితే నలభై అని గుండుగుత్తగా అనకుండా ఉన్నదేదో చెబుదాం. పనికి వెళ్లిన కొడుకును, పక్క గదిలో పడుకున్న అమ్మమ్మను మరవకుండా రాయిద్దాం. ఇంట్లో రెండు భాషలు మాట్లాడితే రెండూ చెబుదాం.